బ్యాటరీ దీర్ఘాయుష్షు ఉపసంఘం

గుమ్మలరేవు మునిసిపాలిటీ నీళ్ళ విభాగంలో బమ్మిడి సింహాచలం ఇరవయ్యారేళ్ళుగా ఫిట్టరు. ఊళ్ళో ఏ పైపు ఎక్కడ వంకర తిరిగిందో, ఏ వాల్వుకి కీళ్ళనొప్పులున్నాయో అతనికి తెలిసినంతగా మునిసిపాలిటీ మ్యాపుకి కూడా తెలియదు. గునపం నేలకి ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకుని, కాసేపు కళ్ళు మూసుకుని, "ఇక్కడ కాదు, రెండడుగులు అటు" అనేవాడు. తవ్వితే లీకు అక్కడే ఉండేది. ఎవరూ చూడకపోయినా, ఎవరూ రాసుకోకపోయినా ఈ పని చక్కగా సాగిపోతూండగా కమిషనరుగారు మూడు రోజుల సదస్సుకి వెళ్ళి వచ్చారు.

సదస్సుల నుంచి మామూలుగా మనుషులు ఒక గుడ్డసంచీ, కాస్త జలుబూ తెచ్చుకుంటారు. కమిషనరుగారు ఒక మాట తెచ్చుకున్నారు. ఆ మాట 'దృశ్య పారదర్శకత'. దాంతోపాటు అగ్గిపెట్టెకన్నా కొంచెం పెద్దగా ఉన్న ఒక యాక్షన్ కెమెరా కూడా వచ్చింది. కొండలెక్కేవాళ్ళూ, సముద్రంలో మునిగేవాళ్ళూ, మోటారు సైకిళ్ళతో గాల్లోకి ఎగిరేవాళ్ళూ ఛాతీకి కట్టుకునే రకం. కౌన్సిలు హాల్లో దాన్ని సింహాచలం ఛాతీకి కట్టి, దాని మీదుగా పూలదండ వేశారు. దండ అడ్డం వచ్చి మొదటి వీడియోలో మొత్తం బంతిపువ్వులే పడ్డాయి.

మర్నాడు సూపరింటెండెంటు చయనులుగారు సర్క్యులరు విడుదల చేశారు. ఆఫీసులో తాఖీదులన్నీ ఆయన చేతివే. ఇంట్లో మంచినీళ్ళు అడగడానికి కూడా 'ఇందుమూలముగా' అంటారని చెప్పుకునేవారు.

"ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, దృశ్యములో నమోదు కాని మరమ్మతు మరమ్మతు కాజాలదు. అట్టి మరమ్మతును విప్పి, స్థలమును యథాపూర్వ స్థితికి తెచ్చి, నమోదు చేయుచు పునః నిర్వహించవలెను. పని మొదలైన పిదప కెమెరాను మధ్యలో ఆపరాదు. ఆపిన క్షణములో ఏమి జరిగినదో దేవునికే ఎరుక. దేవుడు ఈ కార్యాలయ సిబ్బంది కాడు."

సింహాచలంతో పాటు రోజుకూలీకి గోతులు తవ్వే ఎర్నమ్మ దీన్ని మొత్తం చదివించుకుని వింది. ఆవిడ అతనికన్నా నాలుగేళ్ళు పెద్దది. అతను ఆవిడని అప్పా అంటాడు, ఆవిడ అతన్ని తమ్ముడా అంటుంది.

"అయితే తమ్ముడా, ఇకనించి మనం పైపు బాగుచెయ్యక్కర్లేదు. బాగుచేసినట్టు అగుపిస్తే చాలు."

"రెండూ చేద్దాం అప్పా" అన్నాడు సింహాచలం. అతనికి ఇంకా ఆశ ఉంది.

మొదటి లీకు ప్రసూతి ఆసుపత్రి వీధిలో పడింది. ఆసుపత్రికి నీళ్ళు తీసుకెళ్ళే పైపుకి మూడడుగుల లోతున పగులు. వాల్వు కట్టేసి, గొయ్యి తవ్వి, నీళ్ళు తోడి, పగులు చుట్టూ రబ్బరు వేసి, ఇనప పట్టీ తొడిగి నాలుగు బోల్టులు బిగించాలి. సింహాచలానికీ ఎర్నమ్మకీ కలిపి గంటా ముప్పావు పని. కెమెరా బ్యాటరీ గంటా పది నిమిషాలు వస్తుంది. ఈ రెండు అంకెలకీ మధ్య ఉన్న ముప్ఫై అయిదు నిమిషాల్లోనే గుమ్మలరేవు చరిత్ర అంతా జరిగింది.

రెండో బోల్టు బిగిస్తూండగా సింహాచలం ఛాతీ మీద ఎర్రదీపం మూడుసార్లు మినుకుమంది, కుయ్యిమంది, ఆరిపోయింది. అతను మిగిలిన రెండు బోల్టులు కూడా బిగించి, వాల్వు తిప్పాడు. పైపు చుట్టూ ఒక్క చుక్క లేదు. చేతులు కడుక్కుని ఆఫీసుకి వెళ్ళి కెమెరా అప్పగించాడు.

చయనులుగారు వీడియో పూర్తిగా చూశారు. చివరికి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"దృశ్యములో రెండు బోల్టులు మాత్రమే బిగింపబడినవి."

"మిగతా రెండూ కూడా బిగించానండి. నీళ్ళు ఆగిపోనాయి కదండీ."

"నీళ్ళు ఆగుట వేరు. ఆగినట్లు నమోదగుట వేరు. సింహాచలం, నీ మీద నాకు వ్యక్తిగతముగా నమ్మకము కలదు. కాని నా నమ్మకమునకు కార్యాలయ ముద్ర లేదు."

విప్పాల్సొచ్చింది. సింహాచలం తన జీవితంలో చాలా బోల్టులు విప్పాడు గానీ, తను బిగించినవి, పొద్దున్నే బిగించినవి, ఏ తప్పూ చెయ్యనివి విప్పడం అదే మొదలు. పానా పెట్టాక చెయ్యి తిరగలేదు. ఎర్నమ్మ పక్కకి తిరిగి నిలబడింది. పట్టీ ఊడగానే నీళ్ళు బుస్సుమని పైకి లేచి, చూడ్డానికి వచ్చిన చయనులుగారి పంచె తడిపాయి. ఆయన సంతృప్తిగా "యథాపూర్వ స్థితి" అని రాసుకున్నారు. తర్వాత గొయ్యి కూడా పూడ్పించారు. తవ్వడం కూడా నమోదు కావాలి కదా.

రెండోరోజు మట్టి గుల్లగా ఉండడంతో పని వేగంగా సాగి మూడు బోల్టుల దాకా వచ్చింది. దీపం ఆరింది. విప్పారు. పూడ్చారు. మూడోరోజుకి ఇన్నిసార్లు కెలికిన పగులు జానెడు పెరిగి, నాలుగు బోల్టుల పట్టీ చాలక ఆరు బోల్టులది కావలసి వచ్చింది. ఇప్పుడు పని రెండుగంటలు. బ్యాటరీ మాత్రం అదే గంటా పది.

విషయం కమిషనరుగారి దాకా వెళ్ళింది. ఆయన చాలా బాధపడ్డారు, బ్యాటరీ గురించి. వెంటనే 'బ్యాటరీ దీర్ఘాయుష్షు ఉపసంఘం' ఏర్పాటు చేశారు. చయనులుగారు కన్వీనరు. సింహాచలం ప్రత్యేక ఆహ్వానితుడు, అంటే నిలబడి వినేవాడు.

"సమస్య మూలాల్లోకి వెళ్ళాలి" అన్నారు కమిషనరుగారు. "ఎవరికైనా సూచనలున్నాయా?"

సింహాచలం గొంతు సవరించుకున్నాడు. "ఇంకో బ్యాటరీ ఉంటే మార్చుకోవచ్చండి. చిన్నదే. జేబులో పడతాది."

చయనులుగారు విచారంగా తల ఊపారు. "రెండవ బ్యాటరీ కోరవలెనన్న మొదటిది గతించినట్లు ఆరోగ్య విభాగము నుండి ధ్రువపత్రము జతపరచవలెను. మన బ్యాటరీ ప్రతి సాయంత్రము గతించి, ప్రతి ఉదయము లేచి కూర్చుండుచున్నది. వారు ఇచ్చుటకు నిరాకరించుచున్నారు."

"పోనీ, గొయ్యి తవ్వినంతసేపూ ఆపేస్తే? మట్టిలో సూసేదేటుందండీ? పట్టీ కట్టినప్పుడు ఆన్ చేస్తే సరిపోద్ది."

గదిలో అందరూ అతని వంక పాపం అన్నట్టు చూశారు. కమిషనరుగారు మెత్తగా అన్నారు: "చూడు సింహాచలం. పారదర్శకతకి రెప్పపాటు ఉండకూడదు."

కెమెరాతో వచ్చిన చిన్న పుస్తకాన్ని తెలుగు చేసే బాధ్యత చయనులుగారు తీసుకున్నారు. చీమతలకాయలంత అక్షరాలు. భూతద్దం పట్టుకుని ఆ రాత్రంతా కూర్చున్నారు. పుస్తకంలో వాక్యాలన్నీ 'ఇది ఆపుము, అది తగ్గించుము' అని ఉన్నాయే గానీ, ఎవరు ఆపాలో, ఎవరిది తగ్గించాలో లేదు. చయనులుగారి ముప్ఫై మూడేళ్ళ సర్వీసులో ఆపడం, తగ్గించడం అన్న మాటలు ఎప్పుడొచ్చినా సిబ్బంది గురించే వచ్చాయి. ఆయనకి అర్థం చేసుకోవడం కష్టం కాలేదు.

వాయిస్ కంట్రోలు ఆపమని ఉంది. కాబట్టి పనివేళల్లో సిబ్బంది మాట్లాడరాదు. సెకనుకి అరవై బొమ్మలు కాకుండా ఇరవై నాలుగు చాలునని ఉంది. కాబట్టి పారతో అరవై పోట్లు పొడిచే చోట ఇరవై నాలుగే పొడవాలి. కెమెరా కుదుపులు సరిదిద్దుకోవడానికి చాలా శక్తి ఖర్చవుతుందని ఉంది. కాబట్టి ఫిట్టరు కుదుపు లేకుండా, గుడ్డు మోస్తున్నవాడిలా మెలగాలి. ఎండ తగలనివ్వద్దని ఉంది. కెమెరాకి గొడుగు పట్టాలి. "సదరు గొడుగు నీడ ఫిట్టరుపై పడినచో దానిని సౌకర్యముగా పరిగణించి, జాగ్రత్తగా తొలగించవలెను" అని చయనులుగారే సొంతంగా చేర్చారు. పని లేని క్షణాల్లో 'స్లీప్ మోడ్' అని ఉంది.

"అంటే ఏటండీ?" అని అడిగింది ఎర్నమ్మ.

"నిద్రావస్థ. నీ వంతు పని లేనపుడు నీవు కన్నులు మూసుకొని కదలక కూర్చుండవలెను."

ఎర్నమ్మ సర్క్యులరు కాయితానికి దణ్ణం పెట్టింది. "ఇరవయ్యేళ్ళలో ఇదొక్కటే మంచి ఆర్డరు బాబూ."

నాలుగోరోజు పదింటికి పని మొదలైంది. ప్రసూతి ఆసుపత్రి వీధిలో అలాంటి దృశ్యం అంతకుముందు ఎవరూ చూడలేదు. సింహాచలం గాజుపెంకుల మీద నడుస్తున్నట్టు ఒక్కొక్క అడుగే వేస్తూ గోతిలోకి దిగుతున్నాడు. అతని ఛాతీ దగ్గరగా గొడుగు పట్టుకుని చయనులుగారు స్వయంగా పక్కకి వంగి నడుస్తున్నారు. ఎర్నమ్మ పార ఎత్తి, మనసులో ఏదో లెక్కబెట్టుకుని, మెల్లగా దించి, ఒక దోసెడు మట్టి తీసి, వెంటనే గట్టు మీద కూర్చుని కళ్ళు మూసుకుంటోంది. ఎవరూ మాట్లాడ్డం లేదు. చుట్టూ జనం మూగారు. ఎవరో పోయారేమో అనుకుని కొందరు చెప్పులు విడిచి నిలబడ్డారు. శనగల బండివాడు వచ్చి ఆగాడు. దారిన పోతున్న ఒక పెద్దాయన మాత్రం ఇదేదో కొత్త నాట్యమని పక్కవాళ్ళకి వివరించి చెబుతున్నాడు.

ఆ సమయంలో ఆసుపత్రి గేటు తోసుకుని సిస్టర్ సలోమి వచ్చింది. హెడ్ నర్సు. చేతిలో ఖాళీ బకెట్టు.

"ఏమండీ ఫిట్టరుగారూ, ఎప్పటికవుతుంది?"

సింహాచలం నోరు విప్పబోయి, ఛాతీ వైపు చూసుకుని, ఆగిపోయాడు. రెండు చేతులూ జోడించాడు.

"మిమ్మల్నే! నాలుగు రోజులనించి నీళ్ళు లేవు. బోరు తిప్పితే ఉప్పునీళ్ళు. లోపల పదకొండుమంది పసిపిల్లలున్నారు. గుడ్డతో తుడిచి పడుకోబెడుతున్నాం. నిన్న పుట్టినవాడికి స్నానమంటే ఏమిటో ఇంకా తెలీదు."

"అమ్మా, శబ్దము తగ్గించుము" అన్నారు చయనులుగారు గొడుగు కిందనుంచి, గుసగుసగా. "మీ మాటవలన బ్యాటరీ క్షీణించుచున్నది."

సలోమి ఆయన్నీ, గొడుగునీ, గొడుగు కింద ఎండలేకుండా హాయిగా ఉన్న కెమెరానీ, ఎండలో ఉన్న సింహాచలాన్నీ వరసగా చూసింది. బకెట్టు అక్కడే బోర్లించి వెళ్ళిపోయింది. సింహాచలానికి తిట్టినా అంత బాధ ఉండేది కాదు.

బ్యాటరీ ఆ రోజు గంటా ముప్ఫై అయిదు నిమిషాలు వచ్చింది. దీపం ఆరగానే చయనులుగారు గొడుగు వదిలేసి చప్పట్లు కొట్టారు. జనం కూడా కొట్టారు. గొయ్యి అడుగున్నర లోతుకి వచ్చింది, పైపు ఇంకా కనబడలేదు. కమిషనరుగారు ఫోనులోనే అభినందించారు. ముప్ఫై ఆరు శాతం వృద్ధి! సాయంత్రానికి ఉపసంఘం ఒక నివేదిక సమర్పించింది. "పని తగ్గిన కొలదీ బ్యాటరీ నిలుచుచున్నదని శాస్త్రీయముగా రుజువైనది. ఈ దిశలో ఇంకను చాలా దూరము పోవచ్చును."

మర్నాడు, శుక్రవారం, మరో అడుగు ముందుకు వేశారు. ఎర్నమ్మ పార ఎత్తడం పూర్తిగా మానేసింది. బ్యాటరీ గంటా యాభై నిమిషాలు వచ్చింది. సాయంత్రం అయిదింటికి కెమెరాని నిండా చార్జి చేసి, పెట్టెలో పెట్టి, సోమవారానికి సిద్ధంగా ఉండమని సింహాచలం చేతికిచ్చారు. మర్నాడు రెండో శనివారం, ఆ మర్నాడు ఆదివారం. ఆఫీసుకి సెలవు. పైపుకి సెలవు లేదు, అది ఆసుపత్రి నీళ్ళని వీధిలో పారబోస్తూనే ఉంది.

శనివారం పొద్దున్న ఏడింటికి సింహాచలం పానాల సంచీ భుజాన వేసుకుని ఎర్నమ్మ ఇంటి ముందు నిలబడ్డాడు.

"రా అప్పా."

"కెమెరా ఏదీ?"

"పెట్టెలో ఉంది. పెట్టె సంచీలో ఉంది."

"ఉజ్జోగం పోతాది తమ్ముడా."

"పోనీ. నాకింక ఏడాదీ రెండు నెల్లే ఉంది. ఆ బిడ్డలకి ఏటుంది? ఇయ్యాళే ఉంది."

ఎర్నమ్మ కొంగు నడుముకి దోపి పార తీసుకుంది.

వారం రోజులు కట్టేసిన చేతులు అవి. ఎర్నమ్మ పార దిగుతూంటే మట్టి దానంతటదే లేచి వస్తున్నట్టుంది. ఇద్దరూ మాట్లాడుకుంటూ, తిట్టుకుంటూ, ఒకసారి పగలబడి నవ్వుకుంటూ తవ్వారు. నవ్వింది ఎందుకంటే, అలవాటుకొద్దీ ఎర్నమ్మ ఒక దోసెడు మట్టి తీసి కళ్ళు మూసుకుంది. గంటన్నరకి ఆరో బోల్టు బిగిసింది. సింహాచలం ఒకటికి రెండుసార్లు తడిమి చూసుకున్నాడు. వాల్వు తిప్పి, గోతి అంచున బోర్లా పడుకుని కింద చెయ్యి పెట్టాడు. పొడి.

అయిదు నిమిషాలకి ఆసుపత్రి లోపలినుంచి కుళాయి దగ్గడం వినిపించింది, ఆ వెనక బకెట్టులో నీళ్ళు పడిన చప్పుడు, ఆ వెనక సలోమి కేక, ఆ వెనక, వరసగా, మొదటిసారి స్నానం చేస్తున్న పసివాళ్ళ ఏడుపులు. గుక్కపట్టి ఏడుస్తున్నారు. సింహాచలం గోతి గట్టు మీద కూర్చుని చాలాసేపు విన్నాడు.

సోమవారం పదకొండింటికి అతన్ని కమిషనరుగారి గదికి పిలిచారు. బల్ల మీద మెమో సిద్ధంగా ఉంది. చయనులుగారు చదివారు.

"ప్రసూతి ఆసుపత్రిలోని కుళాయిలయందు శనివారము నుండి అనధికార జలప్రవాహము గమనింపబడినది. కార్యాలయ రికార్డుల ప్రకారము సదరు పైపు నేటికిని పగిలియున్నది. పగిలిన పైపునుండి నీరు సక్రమముగా సరఫరా అగుటకు గల కారణములను ఫిట్టరు తక్షణమే విశదీకరించవలెను."

"నేనే బాగుచేశానండి" అన్నాడు సింహాచలం.

"దృశ్యము?"

"లేదండి."

కమిషనరుగారు నిట్టూర్చారు. "అయితే విప్పాలి. వేరే మార్గం లేదు. సస్పెన్షను విషయం తర్వాత చూద్దాం."

అప్పుడే సిస్టర్ సలోమి బంట్రోతుని దాటుకుని లోపలికి వచ్చింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"విప్పండి సార్, తప్పకుండా విప్పండి. కానీ ముందు మీరే వచ్చి ఆ పదకొండుమంది తల్లులకీ చెప్పండి. వాళ్ళ పిల్లలకి పోసిన నీళ్ళు రికార్డులో లేవనీ, మళ్ళీ తీసేసుకుంటున్నారనీ. నేను చెప్పను. నాకు చెప్పడం రాదు."

కమిషనరుగారు నుదురు తుడుచుకున్నారు. పదకొండుమంది తల్లుల్ని ఆయన కళ్ళముందు ఊహించుకుంటున్నట్టు కనబడింది. ఏం చెయ్యాలో తోచక చయనులుగారు సింహాచలం అప్పగించిన కెమెరా పెట్టె తెరిచి, బొత్తాం నొక్కి, చూసి, మళ్ళీ చూసి, భూతద్దం పెట్టి చూశారు.

"అయ్యా" అన్నారు. "నూరు శాతము."

"ఏమిటి?"

"బ్యాటరీ, అయ్యా! శుక్రవారము సాయంత్రము అయిదు గంటలకు నింపబడినది. నేడు సోమవారము పదకొండు గంటలు. అరువది ఆరు గంటలు గడచినవి. ఈ మధ్యకాలమున ఆరు బోల్టులతో ఒక సంపూర్ణ మరమ్మతు జరిగినది. అయినను నూరు శాతము!"

కమిషనరుగారు కుర్చీలోంచి లేచారు. బల్ల చుట్టూ తిరిగి వచ్చి సింహాచలం రెండు భుజాలూ పట్టుకున్నారు.

"ఎలా సాధించావయ్యా?"

"ఆన్ చెయ్యలేదండి."

కమిషనరుగారు ఆ మాటని కాసేపు లోపల తిప్పుకున్నారు. ఇంత తేలికైనది మూడు రోజుల సదస్సులో ఒక్కరికీ తట్టలేదే అన్న ఆశ్చర్యం ఆయన మొహంలో ఉదయించింది. వెంటనే సందేహం కూడా ఉదయించింది. "కానీ మన ఉత్తర్వులో కెమెరా ఆపకూడదని ఉందేమో?"

చయనులుగారు కాయితం వెలుగులోకి పట్టుకున్నారు. ముప్ఫై మూడేళ్ళ సర్వీసు ఆ క్షణం కోసమే దాచుకున్నట్టు నిటారుగా నిలబడ్డారు.

"'మధ్యలో ఆపరాదు' అని కలదు. ప్రారంభించని దానిని మధ్యలో ఆపుట ఎవరికిని సాధ్యము కాదు. ఉల్లంఘన జరగలేదు."

"మరి నమోదు కాని మరమ్మతు?"

"అది మరమ్మతు కానేకాదు. బ్యాటరీ పరీక్ష. పరీక్షాకాలమున పైపు బాగుపడుట, శిశువులు స్నానమాడుట ఉపఫలితములు."

సలోమి, నీళ్ళు ఉంటాయి కదా అని ఒక్కటే అడిగింది. ఉంటాయన్నారు. ఆమె సింహాచలం వైపు తిరిగి, "నిన్న పుట్టినవాడు అన్నాను చూడండి, వాడు తొట్టిలోంచి బయటికి రానంటున్నాడు" అని చెప్పి వెళ్ళిపోయింది. సింహాచలం తలవంచుకుని నవ్వుకున్నాడు.

మెమో చించేశారు. కొత్త సర్క్యులరు వచ్చింది. ఇకమీదట మరమ్మతులన్నీ కెమెరా విధిగా ధరించి, విధిగా ఆన్ చెయ్యకుండా చేయాలి. మాట్లాడవచ్చు, కదలవచ్చు. దీంతో ఊళ్ళో లీకులన్నీ పదిహేను రోజుల్లో మాయమయ్యాయి. ఆ సంగతి ఏ నివేదికలోనూ లేదు. నివేదిక నిండా బ్యాటరీయే. ఉపసంఘాన్ని శాశ్వత సంఘం చేశారు. ఈ అద్భుతం చూడ్డానికి చుట్టుపక్కల మునిసిపాలిటీల నుంచి తొమ్మిదిమంది అధికారుల బృందం వచ్చింది.

వాళ్ళని పాత చేపల మార్కెట్టులో కొత్తగా పడిన ఒక లీకు దగ్గరికి తీసుకెళ్ళారు. సింహాచలం కెమెరా కట్టుకుని గోతిలోకి దిగాడు. ఎర్నమ్మ నీళ్ళు తోడుతోంది. గట్టు మీద కమిషనరుగారు ఉపన్యాసం మొదలుపెట్టారు.

"నలభై ఒక్క రోజులుగా ఒక్క శాతం తగ్గలేదు."

బృందం నాయకుడు కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. "ఇప్పుడు ఎంతుందో ఒకసారి చూడొచ్చా?"

చయనులుగారు ముందుకొచ్చారు. "చూడవలెనన్న ఆన్ చేయవలెను. ఆన్ చేసినచో తగ్గును. కావున నూరు శాతమున్నట్లు భావించవలెనని తీర్మానించితిమి."

అందరూ తలలూపి రాసుకున్నారు. భావించే అధికారం ఏ స్థాయి అధికారికి ఉండాలన్న దాని మీద చర్చ నడిచింది. అది ముదిరి, తొమ్మిదిమందీ రెండు వర్గాలయ్యారు. ఒకాయన ఇది రాష్ట్రమంతటా అమలు కావాలన్నాడు. ఇంకొకాయన, అసలు కెమెరాలోంచి బ్యాటరీ తీసేసి బీరువాలో భద్రపరిస్తే ఇంకా ఎక్కువ కాలం వస్తుందేమో అన్నాడు. కమిషనరుగారు ఆయన చెయ్యి పట్టుకుని ఊపారు. చాలాసేపటికి ఆ గుంపులో వయసులో చిన్నదైన ఒక ఇంజనీరమ్మ గోతిలోకి తొంగి చూసింది.

"మరి లీకు ఎప్పుడు బాగుచేస్తారండీ?"

గోతిలో ఎవరూ లేరు. ఆమె వెనక, మార్కెట్టు కుళాయి దగ్గర, మోచేతుల దాకా ఉన్న మట్టి కడుక్కుంటున్న సింహాచలం తలెత్తాడు.

"అయిపోనాదండి. మీరు మాటాడుకుంటున్నప్పుడే."